మూడో జాబితాలో నాలుగో మాట

మే 14, ఆదివారం

ఈ పుస్తకం బ్యానర్ పద్యాలు, అంటే ఆటకు ముందు మా జట్టు చింపుకుంటూ వచ్చే పెద్ద కాగితం మీద రాసే పద్యాలు, రాసుకోవడానికి కొన్నది. మొదటి పేజీలో ఒక పద్యం ఉంది. రెండో పేజీలో అది నా స్నేహితురాలు వాస్సోకు ఎందుకు నచ్చలేదో ఉంది. మూడో పేజీ నుంచి నా సొంత సంగతులు రాసుకుంటాను. డెబ్భై ఏడో ఏట డైరీ మొదలుపెట్టడం మర్యాదైన అలవాటు కాదు. కాదనడానికి మా ఆయన రెగ్ లేడు. పోయి తొమ్మిదేళ్ళయింది.

నా మనవడు డార్సీ, వాడి భార్య టెగన్, వాళ్ళ పసివాడు ఆల్ఫీ భోజనానికి వచ్చారు. మదర్స్ డే కదా, డార్సీ తెల్ల చామంతులు తెచ్చాడు. నేను వాడి తల్లిని కాదు, నానమ్మని. అయినా వాడి నాన్న, అంటే నా కొడుకు, గనుల్లో పనికని పడమటికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టాక వాణ్ణి తొమ్మిదో ఏట నుంచి పెంచింది నేనే కాబట్టి చామంతులు న్యాయంగా నావే.

నిన్నటి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆటలో వాడికి తగిలిన దెబ్బ గురించి అడగలేదు. వెనక్కి పరిగెత్తుతూ, కళ్ళు బంతి మీదే పెట్టుకుని, దాన్ని చేతులతో అందుకోవడానికి గాల్లోకి లేవడం మా వాడి విద్య. ఎదురుగా ఎవరొస్తున్నారో చూడడు. చూసేవాడైతే పెలికన్స్ క్లబ్బు పదేళ్ళు అట్టిపెట్టుకునేది కాదు. నిన్న ఎదురుగా ఒక మోకాలు వచ్చింది. పడ్డాడు, లేచాడు, డాక్టర్ ఏవో ప్రశ్నలు వేసింది, ప్యాసయ్యాడు, మళ్ళీ మైదానంలోకి వెళ్ళాడు. హమ్మయ్య అనుకున్నాను.

వెళ్ళేముందు వంటింట్లోకి వచ్చి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"నానమ్మా, నాచేత కొంచెం పాఠం అప్పజెప్పించుకోవాలి నువ్వు."

"ఇరవై ఎనిమిదేళ్ళకు బుద్ధి పుట్టిందా? ఏం పాఠం?"

"తలకు దెబ్బ తగిలితే మా క్లబ్బు డాక్టర్ క్వాన్ ఐదు మాటలు చెబుతుంది. వెంటనే తిరిగి చెప్పాలి. పది నిమిషాలయ్యాక మళ్ళీ చెప్పాలి. ఆవిడ దగ్గరున్నవి ఆరు జాబితాలే. మా వాళ్ళు ఆరూ పోగేశారు."

"దీన్ని మా బళ్ళో కాపీ అనేవాళ్ళం."

"సాధన అనాలి నానమ్మా. మెదడుకి వ్యాయామం."

మెదడుకు వ్యాయామం మంచిదే. ముప్ఫై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఎక్కాలు అప్పజెప్పించుకోవడం నాకు సరదా. నెలలు కూడా వెనక నుంచి చెప్పాలట. డిసెంబర్, నవంబర్, అక్టోబర్. మూడుసార్లు చెప్పించాను. రెండోసారి ఏప్రిల్ ఎగ్గొట్టాడు. మూడోసారి సరిగ్గా చెప్పాడు.

మే 21, ఆదివారం

నిన్నటితో తొంభై ఆరు.

పదేళ్ళలో తొంభై ఆరు ఆటలంటే, ఏడాదికి పది మార్కులు కూడా తెచ్చుకోలేని విద్యార్థి. మడమ ఒక ఏడాది తినేసింది, భుజం ఒకటిన్నర. రెండేళ్ళు రెండో జట్టులో, శనివారం పొద్దున్నే, నేనూ ఒక కుక్కా తప్ప ఎవరూ చూడని మైదానాల్లో ఆడాడు. ఏటా అక్టోబరులో క్లబ్బువాళ్ళు గదిలోకి పిలిచి ఉంచుతున్నామో తీసేస్తున్నామో చెప్పేవరకూ వాడు అన్నం సరిగా తినేవాడు కాదు. నేనూ తినేదాన్ని కాదు కానీ నాది డైటింగ్ అని చెప్పేదాన్ని.

నూరు ఆడితే రెండు జరుగుతాయి. బట్టలు మార్చుకునే గదిలో వాడి ముప్ఫై ఒకటో నంబరు అల్మారా తలుపు మీద వాడి పేరు బంగారు అక్షరాలతో రాస్తారు. రెండోది తండ్రీకొడుకుల నియమం. క్లబ్బుకు నూరు ఆటలు ఆడినవాడి కొడుకును, పద్దెనిమిదేళ్ళు వచ్చాక, ఇంకే క్లబ్బూ ఎగరేసుకుపోకముందే ఈ క్లబ్బు తీసుకోవచ్చు. డార్సీకి అల్మారా గురించి బెంగ లేదు. "ఆల్ఫీ నాలాగా, క్లబ్బులు కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే రోజున యాభై నాలుగోవాడిగా, ఎవరైనా పిలుస్తారా అని టీవీ ముందు కూర్చోకూడదు నానమ్మా," అంటాడు. వాడి కొడుక్కి ఇంకా ఎనిమిది నెలలే.

మే 24, బుధవారం

పొద్దున చర్చి వెనక హాల్లో బ్యానర్ పని. ఏడుగురు ముసలాళ్ళం, క్రేప్ కాగితం చుట్టలు, అంటించే టేపు. నాలుగు రోజులు అంటించిన దాన్ని ఇరవై ఇద్దరు కుర్రాళ్ళు రెండు సెకన్లలో చింపుకుంటూ పోతారు. ఇంతకంటే అర్థంపర్థం లేని పని నేనెరగను. నలభై ఏళ్ళుగా ఒక్క వారం మానలేదు.

వాస్సో మా మేస్త్రి. గ్రీకు మనిషి. యాభై ఏళ్ళుగా మా వీధే. నేల మీద మోకాళ్ళమీద ఉండి టేపు పళ్ళతో కొరుకుతూ అడిగింది.

"ఏమే ఎనిడ్, నూరో ఆటకు పద్యం అయిందా?"

"మొదటి పాదం అయింది. 'నూరాటలు ఆడినాడు మా ముప్ఫై ఒకటో నంబరు.'"

"రెండోది?"

"ప్రాస కుదరలేదు."

"నంబరుకి ప్రాస లేకపోవడమేమిటే? సెప్టెంబరు ఉంది. ఫైనల్స్ నెల. ఈ పేటలో సెప్టెంబరు మర్చిపోయిన మనిషి ఇంకా పుట్టలేదు."

"మనవాళ్ళు సెప్టెంబరులో ఆడి పదకొండేళ్ళయింది. నేను అబద్ధాలు రాయను."

"పద్యమంటేనే అబద్ధం కదే. లెక్కల టీచర్‌తో పద్యాలు రాయించడం నాది బుద్ధితక్కువ."

జూన్ 4, ఆదివారం

నిన్న తొంభై ఎనిమిది. డ్రోవర్స్ మీద. గెలిచాం.

ఆటకు ముందు జరిగింది రాయాలి. మైదానంలో రెండు బ్యానర్లు లేచి నిలబడ్డాయి. ఈ చివర మాది, తెలుపూ నలుపూ. ఆ చివర డ్రోవర్స్‌ది, బెల్లం రంగు. మా వాళ్ళు మైదానంలోకి తెరుచుకునే సొరంగంలోంచి వచ్చారు. ముందు డార్సీ. ఒక్కసారి ఆగాడు. తర్వాత ఎడమకు తిరిగి, మైదానం అడ్డంగా పరిగెత్తి, నేరుగా డ్రోవర్స్ బ్యానర్‌లోంచి దూసుకుపోయాడు. ఒక్కడే.

ముప్ఫై వేలమంది నవ్వితే ఎలా ఉంటుందో నిన్నటివరకూ నాకు తెలియదు. డ్రోవర్స్ తరఫున బ్యానర్ తాడు పట్టుకున్న లావుపాటి ఆవిడ, "ఒరేయ్ పెలికనూ, ఆ కాగితం నా మోకాళ్ళరిగేలా అంటించాన్రా," అని అరిచింది. వాస్సో నా భుజం మీద చరిచి, "నీ మనవడు సర్కస్‌లో ఉండాల్సినవాడే," అంది. టీవీలో పదకొండుసార్లు వేశారు. ఆట తర్వాత మైకు పెడితే మా వాడు, "వాళ్ళ పద్యం బాగుందని విన్నాను, దగ్గరికెళ్ళి చదువుదామని," అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు.

చిన్నప్పటి నుంచీ కోతివేషాలు అలవాటే వాడికి. ఆరో తరగతిలో ప్రార్థన సమయంలో ప్రిన్సిపాల్ టోపీ పెట్టుకుని వచ్చాడు. కోతివేషాలు అలవాటే.

జూన్ 5

చిరిగిన కాగితంలోంచి అటువైపు తేలాక, నవ్వడానికి వాడికి ఒక్క క్షణం ఆలస్యమైంది. అంతే.

జూన్ 7, బుధవారం

మధ్యాహ్నం డార్సీ పాఠానికి వచ్చాడు. ఆరు జాబితాలూ కంఠతా వచ్చేశాయి. మొదటి మాట అందిస్తే చాలు, మిగతా నాలుగూ రైలు పెట్టెల్లా వచ్చేస్తాయి. మూడో జాబితా మరీ బాగా వచ్చింది. సుత్తి, దిండు, బాతు, నిచ్చెన, తేనె. మా బళ్ళో అయితే ముందు బెంచీలో కూర్చోబెట్టేదాన్ని.

గుమ్మడికాయ సూప్ రెండు గిన్నెలు తాగి, గిన్నె కడిగి పెట్టి, "ఇవాళ ఏం చేశావు నానమ్మా, ఆకలిగా ఉంది," అన్నాడు.

మగవాళ్ళు తిన్నది గుర్తుపెట్టుకోరు.

జూన్ 12

ఈ వారం ఆట లేదు. ప్రాస కుదరలేదు.

జూన్ 17, శనివారం

తొంభై తొమ్మిది.

మూడో క్వార్టర్‌లో వెనక్కి పరిగెత్తి బంతి అందుకున్నాడు. చాలా అందంగా అందుకున్నాడు. దిగేటప్పుడు ఎవరిదో భుజం వచ్చి చెవి పక్కన తగిలింది. చేతులు ముందుకు చాచకుండా పడ్డాడు. రెగ్ అలాగే పడేవాడు. లోపలికి తీసుకెళ్ళారు. గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు తిరిగొచ్చాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. వాస్సో ఏడ్చింది. చివరి క్వార్టర్ అంతా ఆడాడు.

మూడో జాబితా అయి ఉంటుంది.

బాగా నేర్పాను.

జూన్ 18, ఆదివారం

డార్సీ వాళ్ళు భోజనానికి వచ్చారు. గొర్రె మాంసం బాగా కుదిరింది. పుదీనా సాస్‌లో వినిగర్ కాస్త ఎక్కువైంది. వాన.

జూన్ 19, సోమవారం

నిన్న రాయనిది.

పళ్ళేలు పెడుతున్నాను. డార్సీ కిటికీలోంచి పెరటి షెడ్ వైపు చూసి, మామూలుగా, చాలా మామూలుగా, "తాతయ్యని పిలవనా? ఇంకా షెడ్‌లోనే ఉన్నాడా?" అన్నాడు.

టెగన్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. ఆల్ఫీ చెంచాతో బల్ల కొడుతున్నాడు.

"ఊరికే అన్నాను," అని నవ్వాడు డార్సీ. ఒక్క క్షణం ఆలస్యంగా.

వాడి తాతయ్య పెలికన్స్‌కే నలభై ఒక్క ఆటలు ఆడాడు. అప్పట్లో తలకు దెబ్బ తగిలితే ముక్కు కింద ఘాటు సీసా పెట్టి, ఇవి ఎన్ని వేళ్ళని అడిగేవారు. రెండంటే రెండు, మూడంటే మూడు, ఏదన్నా పంపేసేవారు. చివరి మూడేళ్ళు రెగ్ నన్ను ట్రిక్సీ అని పిలిచాడు. ట్రిక్సీ మా కుక్క. మంచి కుక్కే, దాని మీద నాకేమీ కోపం లేదు. కానీ ఇంకో మనిషి నన్ను ఆ పేరుతో పిలవగా వినే ఓపిక నాకు లేదు.

మూడో తేదీన ఏం చూశానో ఆ రోజే తెలుసు నాకు. కోతివేషం అని రెండుసార్లు రాసుకున్నాను. పిల్లలు కూడా జవాబు తెలియనప్పుడే ఒకే వాక్యం రెండుసార్లు రాస్తారు.

జూన్ 20, మంగళవారం

శనివారం దెబ్బ తగిలింది కాబట్టి గురువారం డాక్టర్ క్వాన్ మళ్ళీ పరీక్ష పెడుతుందట, ఆ రోజు అడిగిన మూడో జాబితాతోనే. అది ప్యాసైతే ఈ శనివారమే నూరోది. పాఠానికి వచ్చాడు.

నాతో నేనొక ఒప్పందం చేసుకున్నాను. మూడో జాబితాలో ఒక మాట మారుస్తాను. వాడు పసిగడితే నోరు మూసుకుంటాను, నూరో ఆటకు తాడు పట్టుకుంటాను. పసిగట్టకపోతే ఆ పరీక్ష సంగతి ఆ పరీక్షే చూసుకుంటుంది.

బల్ల మీద పళ్ళెంలో లామింగ్టన్లు ఉన్నాయి. కేకు ముక్కల్ని చాక్లెట్‌లో ముంచి కొబ్బరి కోరులో దొర్లించి నేను చేసేవి. ఐదో ఏట నుంచీ వాడికి ప్రాణం. కళ్ళెదుట ఉన్నదే నోటికొచ్చింది.

"సుత్తి, దిండు, బాతు, లామింగ్టన్, తేనె," అన్నాను.

"సుత్తి, దిండు, బాతు, లామింగ్టన్, తేనె," అన్నాడు, లామింగ్టన్ నములుతూ.

ఐదు వారాలుగా నిచ్చెన అన్న నోరది. ఆగుతాడేమోనని చూశాను. నవ్వుతాడేమో, "ఏంటి నానమ్మా, ఆకలేస్తోందా," అంటాడేమోనని చూశాను.

"మళ్ళీ."

మళ్ళీ అన్నాడు. పది నిమిషాలు ఆగి మళ్ళీ అడిగాను. ఒక్క తప్పు లేదు.

"ఎన్ని మార్కులు టీచర్ గారూ?" అన్నాడు.

"ఐదుకి ఐదు," అన్నాను.

వాడు వెళ్ళాక పళ్ళెం కడిగాను. కడిగిన పళ్ళెమే మళ్ళీ కడిగాను.

జూన్ 22, గురువారం

పదకొండున్నరకు ఫోన్ మోగింది.

"ట్రెవాస్కిస్ గారేనా? నేను క్లబ్బు డాక్టర్ క్వాన్‌ని. మీ మనవడు పక్కగదిలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. మిమ్మల్ని ఒక్కటి అడగాలి. మీరు లామింగ్టన్లు చేస్తారా?"

"చేస్తాను."

"ఒకసారి రాగలరా?"

కోటు అప్పటికే వేసుకుని ఉన్నాను. ఎనిమిదింటి నుంచీ వేసుకునే కూర్చున్నాను.

డాక్టర్ క్వాన్ సన్నగా, పొట్టిగా ఉంది. గదంతా నొప్పుల నూనె వాసన. కుర్చీ చూపించి చెప్పింది.

"నేను సుత్తి అనగానే మొదలుపెట్టాడండి. నేను రెండో మాట చెప్పేలోపు ఐదూ చెప్పేశాడు. నాలుగోది లామింగ్టన్. నా కాగితంలో అది నిచ్చెన. నెమ్మదిగా ఇంకోసారి చదివాను. మళ్ళీ లామింగ్టనే. అది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 'నానమ్మ అదే కదా చెప్పింది' అన్నాడు." ఆమె కలం కింద పెట్టింది. "కుర్రాళ్ళు జాబితాలు పోగేస్తున్నారని నాకు అనుమానం ఉంది. ఇంట్లో నానమ్మల్ని పెట్టి ట్యూషన్ చెప్పించుకుంటున్నారని మాత్రం తెలియదు."

"ఒక్క నానమ్మే లెండి. మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు."

"మీరు కావాలనే మార్చారా?"

"మంగళవారం కావాలనే మార్చాను. అంతకుముందు ఐదు వారాలు కావాలనే మార్చలేదు. మీరు ఏది ముందు రాసుకుంటారో రాసుకోండి."

ఆమె నవ్వలేదు. నవ్వనందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది. మొదటి నుంచి చెప్పాను, తేదీల వారీగా. మోకాలు, ఏప్రిల్ ఎగ్గొట్టడం, బ్యానర్, సూప్, షెడ్. షెడ్ సంగతి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆమె గ్లాసుతో నీళ్ళిచ్చి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

"మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"బ్యానర్ రోజు నుంచి తెలుసు. దానికి ముందు, తెలియనట్టు ఉండడం తెలుసు."

బయటికొచ్చేటప్పుడు పక్కగది తలుపు ఓరగా ఉంది. డార్సీ బల్ల అంచున కూర్చుని బూట్ల వంక చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

జూన్ 23, శుక్రవారం

శనివారం జట్టులో ముప్ఫై ఒకటో నంబరు లేదు. పేపర్లో ఒక్క లైను. 'తలకు దెబ్బ. నిపుణులకు చూపిస్తారు.'

పొద్దున్నుంచీ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. సిగ్గుగా ఉంది. సిగ్గు కింద ఇంకేదో ఉంది. ఏమిటా అని చూసుకుంటే, హాయి. చాలా రోజుల తర్వాత బూట్లు విప్పినట్టుగా.

సాయంత్రం ఫోన్‌కి డార్సీ దగ్గర నుంచి ఒక్క మాట వచ్చింది. 'లామింగ్టనా నానమ్మా.'

జవాబివ్వలేదు. అది ప్రశ్న కాదు.

జూన్ 25, ఆదివారం

రాలేదు. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించడం ఎందుకని రొట్టె తిన్నాను.

జూన్ 26, సోమవారం

పదింటికి టెగన్ వచ్చింది, ఆల్ఫీని ఎత్తుకుని. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. టీ పెట్టాను. ఆల్ఫీ బల్ల కాలు పట్టుకుని నిలబడ్డాడు, ఎడమవైపు పడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ ఎడమవైపే.

"కోపంగా ఉన్నాడా?" అన్నాను.

"మాట్లాడడం లేదు నానమ్మా. నాతో కూడా." కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "మూడు వారాలుగా ఆల్ఫీకి నేనే స్నానం చేయిస్తున్నాను. ఆయనకు అదంటే ఎంతిష్టమో మీకు తెలుసు కదా. ఏదో ఒక వంక పెట్టి నేనే ఆయన్ని చేయనివ్వడం లేదు. ఒకరోజు టబ్బులో పిల్లాడిని కూర్చోబెట్టి తువ్వాలు తెస్తానని వెళ్ళి, సోఫాలో కూర్చున్నాడు. నేను చూసుకున్నాను కాబట్టి..."

వంగి ఆల్ఫీ చొక్కా సర్దింది.

"ఎవరికీ చెప్పలేదా?"

"నూరో ఆట అయిపోయాక చెబుదామనుకున్నాను. ఒక్కటే కదా అని." నా వంక చూసింది. "మీరు చేశారని తెలియగానే వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను నానమ్మా. ఏడుపు కాదు. అమ్మయ్య అని."

ఇద్దరం కలిసి పళ్ళెంలో ఉన్న బిస్కెట్లన్నీ తినేశాం. ఆల్ఫీ కూడా తిన్నాడు, ఎక్కువ భాగం చెవితో.

జూలై 6, గురువారం

నిపుణుడు చూశాడు. తల లోపలి ఫొటోలు తీశారు, గంటలకొద్దీ పరీక్షలు చేశారు. టెగన్ ఫోన్ చేసింది. ఇప్పుడే ఆపేస్తే తల కుదుటపడే అవకాశం బాగా ఉందట. ఇంకొక్క దెబ్బ తగిలితే మాత్రం తను ఏమీ చెప్పలేనన్నాడట. ఇక ఆడకూడదు. ఈ ఏడాది కాదు, ఎప్పుడూ.

"మన వాడేమన్నాడు?" అన్నాను.

"సరే అన్నాడు. అంతే. దారిలో కారాపించి చేపల వేపుడు కొనుక్కుని మొత్తం తినేశాడు."

ఫోన్ పెట్టేసి వెనక మెట్ల మీద కూర్చున్నాను. పక్కింటి నిమ్మచెట్టు మీద ఎండ పడుతోంది. హమ్మయ్య అని పైకే అన్నాను. పక్కింటాయన కంచె మీంచి తొంగి చూసి ఏమైనా కావాలా అని అడిగాడు. ఏమీ వద్దన్నాను. నిజంగానే ఏమీ వద్దు.

జూలై 9, ఆదివారం

పన్నెండింటికి తలుపు కొట్టారు. డార్సీ ఒక్కడే, చేతిలో బేకరీ పెట్టె.

"మూడో జాబితా, నాలుగో మాట," అని పెట్టె చాచాడు.

"కాళ్ళు తుడుచుకుని లోపలికి రా."

కొన్నవి. కొబ్బరి పొడిపొడిగా ఉంది. ఏమీ అనకుండా ఒకటి తిన్నాను. నన్ను ఎరిగినవాళ్ళకు అది ఎంత పెద్ద క్షమాపణో తెలుసు.

"నన్ను మోసం చేశావు నానమ్మా."

"చేశాను. అంతకుముందు ఐదు వారాలు నీతో కలిసి డాక్టర్ని మోసం చేశాను. అప్పుడు నీకు అది మోసంలా అనిపించలేదు."

"ఒక్క ఆట. ఆల్ఫీ కోసం ఒక్కటే మిగిలింది."

"ఆల్ఫీ బల్ల కాలు వదిలి నిలబడలేడింకా. నిలబడినా ఎడమవైపే పడతాడు."

"డిఫెన్స్ ఆటగాళ్ళు అలాగే పడతారు," అన్నాడు. పెదవి చివర కొంచెం కదిలింది. తర్వాత బల్ల మీద కొబ్బరి పొడిని వేలితో పోగు చేస్తూ, "ఆ రోజు రెండు బ్యానర్లూ ఒకేలా కనపడ్డాయి నానమ్మా. అక్షరాలు నీళ్ళలో ఉన్నట్టు ఈదుతున్నాయి. ఏదో ఒకటి మనదై ఉంటుందిలే అని పరిగెత్తాను. జనం నవ్వాక తెలిసింది," అన్నాడు.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు ఆలస్యంగా నవ్వినప్పుడు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఐదు వారాలుగా ఈ ప్రశ్నకు నేను రకరకాల జవాబులు తయారు చేసుకున్నాను. వాటిలో ఒక్కటీ నిజం కాదు.

"నాకూ నూరో ఆట చూడాలని ఉండింది," అన్నాను.

వాడు లేచి కెటిల్ పెట్టాడు. వీపు నావైపు పెట్టి అన్నాడు, "కోపం తెచ్చుకుందామని చూశాను నానమ్మా. రాలేదు. ఆ నిపుణుడు ఇక చాలన్నప్పుడు ఎలా అనిపించిందో తెలుసా? కిక్కిరిసిన ట్రామ్‌లో పదేళ్ళు నిలబడ్డాక ఎవరో లేచి సీటిచ్చినట్టు అనిపించింది."

"మరి కూర్చో," అన్నాను.

కూర్చున్నాడు.

జూలై 19, బుధవారం

శనివారం ఆటకు ముందు డార్సీకి వీడ్కోలు. ఆడడు. బ్యానర్‌లోంచి మాత్రం వెళతాడు. అల్మారా తలుపు మీద పేరు రాయరు. వాస్సో వెళ్ళి మేనేజరుతో పోట్లాడదామంది. వద్దన్నాను. నేను లెక్కల టీచర్ని. తొంభై తొమ్మిదిని నూరని రాయమని ఒకరిని అడగను.

హాల్లో పద్యం చదివి వినిపించాను. వాస్సో టేపు నోట్లోంచి తీసింది.

"ఆడని ఆట గురించి బ్యానరా? నలభై ఏళ్ళలో ఎవరైనా రాశారా అలాగ?"

"రాయలేదు."

ఇంకోసారి చదవమంది. చదివాను. కళ్ళు తుడుచుకుని, "నంబరు, సెప్టెంబరు కంటే బాగానే ఉందిలే," అంది. "కాగితం రెండు పొరలు వేద్దాం. వాడు నడిచి వస్తాడు కదా, తొందరగా చిరగకూడదు."

జూలై 23, ఆదివారం

నిన్న ఎండ కాసింది. గాలి లేదు. బ్యానర్ తిన్నగా నిలబడింది.

జట్టంతా రెండు వరుసల్లో నిలబడితే మధ్యలోంచి డార్సీ వచ్చాడు, భుజాల మీద ఆల్ఫీ. ఎడమ చేతివైపు తాడు నాది. నా దగ్గరకు వచ్చి ఆగి, చాలా గంభీరంగా, "మనది ఏది నానమ్మా?" అని అడిగాడు.

"నోరు మూసుకుని చదవరా."

చదివాడు. పైకే, ఒక్కో అక్షరం మీద కన్ను నిలిపి, తడుముకోకుండా చదివాడు.

'ఆడినవి తొంభై తొమ్మిది, అన్నీ మా కోసం.
ఆడని ఆ నూరోది ఆల్ఫీ కోసం.'

ఆల్ఫీ వంగి కాగితాన్ని గుప్పిట పట్టి లాగాడు. 'కోసం' దగ్గర మొదట చిరిగింది. ఆ చిరుగులోంచి ఇద్దరూ నడుచుకుంటూ అటువైపు వెళ్ళారు. ఈసారి జనం నవ్వారు, డార్సీ కూడా నవ్వాడు. అందరితో పాటే నవ్వాడు. ఒక్క క్షణం కూడా ఆలస్యం లేదు. నేను చూశాను.

ఇవాళ భోజనానికి వచ్చారు. మధ్యాహ్నం ఆల్ఫీకి స్నానం డార్సీయే చేయించాడు. టెగన్ తలుపు దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడింది. డాక్టర్ చెప్పినంత కాలం అలా నిలబడుతుందట. ఇప్పుడు వాడు రెగ్ కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. రేడియోలో ఎవరివో ఆటలు. పదేళ్ళలో మొదటిసారి, ఎవరు పడ్డారా అని చెవులు రిక్కించకుండా విన్నాను.

గిన్నెలు కడుగుతూ, ఊరికే, నాకెలా ఉందో చూసుకుందామని నెలలు వెనక నుంచి చెప్పుకున్నాను. డిసెంబర్, నవంబర్, అక్టోబర్, ఆగస్టు, జూలై. జనవరి దాకా వెళ్ళాక లెక్కపెడితే పదకొండే వచ్చాయి. వేళ్ళు మడిచి మళ్ళీ చూసుకున్నాను.

సెప్టెంబరు మర్చిపోయాను. వాస్సోకి చెప్పను.